డిశ్చార్జి కాగితం ఎవరి కోసం రాస్తారు?

ఆరోగ్యశ్రీ వచ్చిన తర్వాత గుండె జబ్బు విషయంలో లేనివాడికీ ఉన్నవాడికీ తేడా లేకుండా పోయిందని మా కావలి వైపు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం అన్యాయం. 2007లో ఆ పథకం మొదలు కాకముందు, గుండెలో వాల్వు చెడిపోయిందని తెలిసిన కూలి కుటుంబం ఉన్న అరెకరం అమ్ముకునేది, అదీ లేకపోతే ‘దాతలు ఆదుకోవాలి’ అన్న శీర్షిక కింద జిల్లా పేపర్లో ఫొటో వేయించుకునేది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతూ వచ్చి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది గానీ, కార్డు పట్టుకుని నెల్లూరుకో ఒంగోలుకో వెళ్లిన మనిషికి స్టెంటు పడుతోంది, బైపాసు జరుగుతోంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి ఉంది. ఒకప్పుడు లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల పరిమితి విధించింది. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్, నలభై వేలకు అటూ ఇటూ పలికేది, మన రాష్ట్రంలో ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఇవన్నీ ప్రాణాలు నిలబెట్టిన పనులు.

నా అభ్యంతరమంతా ఆ తర్వాతి సంగతి గురించి. ఆపరేషన్ గదిలో సాధించిన సమానత్వం ఆస్పత్రి గేటు దాటగానే ఆగిపోతోంది. స్టెంటు వేయడం ఒక పూట పని, బైపాసు పదిరోజుల పని. ఆ గుండెతో బతకవలసింది మాత్రం ఇరవై ముప్ఫై ఏళ్లు. ఆ ఏళ్లు ఎలా గడుస్తాయన్నది నాళంలో ఎంత శాతం పూడిక ఉందన్న దాని మీద కొంతవరకే ఆధారపడుతుంది. జీతంతో కూడిన సెలవు ఉందా, ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, ఒంటి బలం అమ్ముకోకుండా పొయ్యి వెలుగుతుందా అన్న వాటి మీద అంతకంటే ఎక్కువగా ఆధారపడుతుంది.

గుండె జబ్బు తిని కూర్చునే వాళ్లకు వచ్చే జబ్బు అన్న మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది కాబట్టి ముందు దాని సంగతి చూడాలి. ఇంగ్లండులో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో పదిహేడు వేలకు పైగా ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. అందరూ ఒకే ప్రభుత్వం కింద పనిచేసేవాళ్లే, ఎవరూ ఆకలితో ఉన్నవాళ్లు కారు. అయినా అట్టడుగు శ్రేణిలోని బంట్రోతులు గుండె జబ్బుతో చనిపోయిన రేటు పైస్థాయి అధికారుల కంటే మూడు రెట్లకు పైగా ఉంది. పొగ తాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగానికే కారణం దొరికింది. ఇక మన దగ్గర, ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003–04లో జరిగిన మరణాలను పరిశీలిస్తే దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. నెల్లూరు, ప్రకాశం పల్లెలు ఆ పల్లెలకంటే గొప్పగా ఉంటాయని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనపడదు.

అంతకంటే ముఖ్యమైనది 2008లో అచ్చయిన క్రియేట్ అనే అధ్యయనం. దేశంలోని 89 ఆస్పత్రుల్లో ఇరవై వేల మందికి పైగా గుండెపోటు రోగుల వివరాలు అందులో సేకరించారు. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆస్పత్రికి చేరడానికి సగం మందికి ఆరు గంటలు, అంతకు మించి పట్టింది. ముప్ఫై రోజుల లోపల చనిపోయినవారు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. అందిన చికిత్సల్లోని తేడాను లెక్కగట్టి సరిచేసి చూస్తే ఆ అంతరం మాయమైంది. అంటే పేదవాడి గుండెలో ప్రత్యేకంగా ఏ లోపమూ లేదు, అందాల్సింది అందకపోవడమే అతని లోపం. మన పథకాలు ఈ ముప్ఫై రోజుల అంతరాన్ని తగ్గించడానికి గట్టిగానే ప్రయత్నించాయి. ముప్ఫై ఒకటో రోజు నుంచి ఏమవుతుందన్నది ఎవరి పద్దులోనూ ఉన్నట్టు లేదు.

నేను ప్రభుత్వోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఉద్యోగంలో ఉండగానే గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. అదే ఏడాది మా వీధి చివర ఉండే హమాలీకి కూడా గుండెపోటు వచ్చింది. అదే నాళంలో, గుండె ముందువైపు దిగే ఎల్ఏడీలో, అతనికీ స్టెంటు పడింది. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. ఇద్దరి డిశ్చార్జి కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాను, జవాబు పత్రాలు దిద్దిన అలవాటు ఎక్కడికి పోతుంది. మందులు దాదాపు ఒకటే. సలహాలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ముందుగా టైపు చేసి పెట్టుకున్నవి: బరువులు ఎత్తరాదు, ఉప్పు తగ్గించాలి, రోజూ అరగంట నడవాలి, ఆందోళన చెందరాదు, నెల తర్వాత చూపించుకోవాలి.

నా వరకు ఆ కాగితం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కమ్యూటెడ్ లీవు పెట్టుకున్నాను, జీతం పూర్తిగా వచ్చింది. తిరిగి బడికి వెళ్లాక హెడ్మాస్టరు గారు నా తరగతులన్నీ కింది అంతస్తుకు మార్చారు. సాయంత్రం నడకకు కాలేజీ గ్రౌండు ఉంది, ఇంట్లో ఫ్రిజ్జులో కూరగాయలున్నాయి. హమాలీ చేతిలోని కాగితం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. అతనికి కూలి బస్తా లెక్కన వస్తుంది. బియ్యం బస్తా యాభై కిలోలు, ధాన్యం బస్తా డెబ్బై అయిదు. “బరువులు ఎత్తొద్దన్నారు గానీ ఎన్నాళ్లో చెప్పలా అయ్యోరా. అడిగితే ఇంక జన్మలో ఎత్తొద్దన్నాడు ఒకాయన. ఇంకో డాక్టరమ్మ మూణ్ణెల్లు అనింది. ఏది పట్టుకోవాలా?” అని నన్నడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కొలిచి చెప్పవచ్చునని తర్వాత తెలిసింది: ఎకో అనే గుండె స్కానులో పంపింగు ఎంత శాతం ఉందో చూసి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఏ మోతాదు శ్రమకు ఎప్పుడు వెళ్లవచ్చో కొంత కచ్చితంగానే చెబుతారు. బస్తాలు మోసే మనిషికి ఆ కొలత నాకంటే వందరెట్లు అవసరం. కొలిచింది నాకు.

ఐదో వారంలో అతను మిల్లుకు వెళ్లిపోయాడు. రోజూ అరగంట నడవాలన్న వాక్యం చూసి అతని భార్య నవ్విందట. రాష్ట్రంలో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని ఒకటి ప్రారంభించి, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలని నిర్ణయించారు. ఆ మొత్తం కూలి డబ్బులకు సాటి రాదు. అయినా ఆ ఆలోచన వెనుక ఉన్న సూత్రం నాకు స్టెంటు కంటే విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే విశ్రాంతి కూడా చికిత్సలో భాగమనీ, దానికి ఖరీదు ఉంటుందనీ ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్న సందర్భం అది. పార్టీలు మారినా పేరు మార్చుకునైనా నిలబెట్టుకోవలసిన సూత్రం అదే.

జబ్బు తర్వాత జీవితం ఎంత మెరుగ్గా ఉందో కొలవడానికి వైద్యులు ప్రశ్నావళులు వాడతారు. వాటిలో ప్రపంచమంతటా వాడకంలో ఉన్న ఎస్‌ఎఫ్–36లో, ఓ మోస్తరు శ్రమకు ఉదాహరణలుగా బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనరు తోయడం, గోల్ఫ్ ఆడటం వంటివి ఇచ్చారు. ఆయా దేశాల్లో ఉదాహరణలు మార్చుకుంటారు గానీ, ఆ ప్రశ్న వేసినవాడి మనసులో ఉన్న జీవితం ఎవరిదో తెలుస్తూనే ఉంది. ఆయాసాన్ని నాలుగు తరగతులుగా విభజించే న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ వారి పద్ధతిలో, మామూలు పనులకు ఆయాసం రాకపోతే మొదటి తరగతి. మామూలు పని అంటే నాకు బడికి నడిచి వెళ్లడం. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు రాయి కోసే మనిషికి, కలిగిరి పక్క పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా కట్టెలు ఎగదోసే మనిషికి, వరినాట్లు గుత్తకు తీసుకుని మోకాటి బురదలో వంగే మనిషికి మామూలు పని వేరు. ఒకే గుండె, ఒకే పంపింగు శాతం. ఒకరు మొదటి తరగతి, ఇంకొకరు మూడో తరగతి. ఆ రెండో మనిషికి జబ్బు ముదిరిందని రాసుకుంటారు.

పైగా మన దగ్గర ఒంటి పని ఒంటరిగా జరగదు. నాట్ల గుత్త, బస్తాల ముఠా, ఉపాధి హామీ మట్టిపని, అన్నిటిలోనూ అందరి పనినీ కలిపి కొలిచి కూలి పంచుతారు. జట్టులో ఒకడు ఆయాసపడి కూర్చుంటే ఆ లోటు మిగతావాళ్ల కూలిలో పడుతుంది. హమాలీ ముఠా వాళ్లు అతన్ని తోసేయలేదు. బస్తాల మూతులు కుట్టే పని అప్పగించి ముక్కాలు వాటా ఇస్తున్నారు. వాళ్ల మంచితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక హృద్రోగి పునరావాసం ఖర్చును బస్తాకు ఇంత అని కూలి తీసుకునే పదిమంది తమ వీపుల మీద మోస్తున్నారన్నది లెక్కల్లో ఎక్కడా కనపడదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా లోతుగా చూడాలి. జువ్వలదిన్నె వైపు నుంచి మా వీధికి చేపల గంప తెచ్చే ఆమెకు చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ అనే వాల్వు పాడై, ముప్ఫై దాటకముందే లోహపు వాల్వు వేశారు. ఈ జబ్బు పుట్టుకే ఇరుకు ఇళ్లలో ఉంది. ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే చోట పిల్లలకు స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది, సరైన మందు పడకపోతే అందులో కొందరికి గుండె కవాటాల దాకా పోతుంది. పెన్సిలిన్ రాకముందే, ఇళ్లు విశాలమైన దేశాల్లో ఇది తగ్గుముఖం పట్టింది. మన దగ్గర ఊరికి దూరంగా కట్టిన కాలనీల్లోనూ, చేపలు పట్టేవాళ్ల పట్టపుపాలేల్లోనూ మిగిలి ఉందంటే అది కులం గీసిన గీతల వెంట నడుస్తోందని చెప్పడానికి మొహమాటం ఎందుకు?

ఆమెకు ఒంట్లో నీరు చేరకుండా లాసిక్స్ రాశారు, పొద్దున్నే వేసుకోమన్నారు. ఆ మాత్ర వేసుకుంటే సుమారు ఆరు గంటల పాటు మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. ఆ ఆరు గంటలే ఆమె గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే వేళ. “ఎవురింట్లో అడగమంటావక్కా, చేపలోళ్లని లోపలికి రానిస్తారా?” అని మా ఆవిడతో అన్నది. అందుకని పనికి వచ్చే రోజు మాత్ర మానేసేది. కాళ్లు వాచి, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. పోనీ సాయంత్రం వేసుకుందామంటే రాత్రంతా చీకట్లో బయటికి వెళ్లాలి, ఆ ఇంటికి మరుగుదొడ్డి ఉన్నా నీళ్లు లేవు. ఆస్పత్రి ఫైలులో మాత్రం ‘మందులు సక్రమంగా వాడటం లేదు’ అని పడింది. చివరికి ఒక చిన్న డాక్టరమ్మాయి, ఇంకా చదువుకుంటున్న పిల్ల, నువ్వు ఏ టైముకు ఇంటికి వస్తావు అని అడిగి, మధ్యాహ్నం రెండింటికి వేసుకోమని మార్చి రాసింది. దానికి కొత్త మందు అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. ఆ ప్రశ్న అడగడానికి ఎంతకాలం పట్టిందన్నదే ఆలోచించవలసిన విషయం.

లోహపు వాల్వు ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మోతాదు తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం అవుతుంది. అందుకని రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ ఐఎన్ఆర్ అనే పరీక్షను క్రమం తప్పక చేయించుకుని, మైట్రల్ వాల్వయితే ఆ అంకె 2.5, 3.5 మధ్య ఉండేలా చూసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి, ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకమైన స్త్రీ శక్తి కింద ఆమె ఆ పరీక్షకు పల్లెవెలుగు బస్సులో డబ్బు లేకుండా వెళ్లి వస్తోంది, అది నిజంగా ఊరట. కానీ పరీక్ష రోజు గంప ఎత్తడం కుదరదు, ఆ రోజు రాబడి పోయినట్టే. ఆకుకూరలు తినొద్దని కూడా చెప్పి పంపారు. అసలు చెప్పవలసింది, గోంగూరో తోటకూరో మునగాకో వారంవారం ఒకే మోతాదులో తినమని, ఒక్కసారిగా పెంచడం తగ్గించడం చేయవద్దని. ఆ వివరం చెప్పే తీరిక లేక, ఆమె పెరట్లో ఊరికే దొరికే బలమైన తిండిని కాస్తా నిషేధించేశారు.

ఉప్పు సంగతీ అంతే. కూర తక్కువైనప్పుడు అన్నాన్ని గొంతు దించేది ఊరగాయ, ఎండు రొయ్యలు, ఉప్పుచేప. పళ్లు, కూరగాయలు కొనగలిగినవాడికే ఉప్పు మానడం సాధ్యమవుతుంది. రోజుకు లీటరున్నర నీళ్లు మించకూడదని గుండె బలహీనపడినవాళ్లకు చెబుతారు. రోహిణి కార్తెలో కనిగిరి, ఉదయగిరి మెట్టల్లో ఎండన పనిచేసే మనిషికి ఆ మాట ఎలా చెబుతారో నాకు తెలియదు.

మాత్రల గురించి కొంచెం చెప్పాలి. స్టెంటు పడ్డాక ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి రెండో మాత్రను సాధారణంగా ఏడాది పాటు ఆపకుండా వాడాలి, మధ్యలో మానేస్తే స్టెంటులోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర అయితే జీవితాంతం. పథకంలో ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఏడాది దాకా మందులు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత చేతి డబ్బులే. పదిహేడు దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2011లో చెప్పినదాని ప్రకారం, మన దేశం కూడా చేరిన తక్కువ ఆదాయ దేశాల్లో గుండెపోటు, పక్షవాతం వచ్చిన వారిలో 80 శాతం మంది ఈ నివారణ మందుల్లో ఒక్కటి కూడా వాడటం లేదు. జనరిక్ షాపులో ఇవి చౌకే, నేను కాదనను. అయితే జనరిక్ షాపు టౌన్లో ఉంటుంది, పల్లెలో వైద్యం చేసే ఆర్ఎంపీ దగ్గర దొరికేది బ్రాండు మందు. నెలాఖరున రోజు విడిచి రోజు వేసుకునే వాళ్లను మా వీధిలోనే చూస్తున్నాను. మాత్ర మానేస్తే వెంటనే నొప్పి రాదు, అప్పువాడు మాత్రం వెంటనే వస్తాడు. ఏది ముందు తీరుస్తారు?

వీళ్లు తాగుతారు, బీడీలు కాలుస్తారు, తమ ఒళ్లు తామే చెడగొట్టుకుంటారు అన్న మాట నా తోటి పెన్షనర్ల నోట తరచు వింటుంటాను. బీడీ మానాలి, తాగుడు మానాలి, సందేహం లేదు. కానీ మా స్టాఫ్ రూములో సిగరెట్ కాల్చిన మాస్టర్లకు స్టెంటు పడితే వాళ్ల శీలం గురించి ఎవరూ మాట్లాడలేదు. పొద్దుగూకే దాకా బస్తాలు మోసిన ఒళ్లు నొప్పులకు పావు సీసా దొరికినంత సులువుగా, మానిపించే వైద్యం దొరకదు. గుండెపోటు తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరిని తీవ్రమైన దిగులు పట్టుకుంటుందని వైద్యులు చెబుతారు. హమాలీకి ఆ దిగులు వచ్చింది. భయపడుతున్నాడు, మనిషి పిరికివాడయ్యాడు అని ముఠాలో అనుకున్నారు, అంతటితో సరి. గుండె పునరావాస కేంద్రాలు పెద్ద నగరాల్లోనే అరుదు. ఖరీదైన యంత్రాలు లేకుండా యోగాతో పునరావాసం ఇచ్చి చూద్దామని 24 ఆస్పత్రుల్లో దాదాపు నాలుగు వేలమంది గుండెపోటు రోగుల మీద మన దేశంలోనే పరీక్షించారు, 2020లో ఫలితాలు వచ్చాయి. వాళ్ల ఆరోగ్యం మెరుగైనట్టు వాళ్లే చెప్పారు, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడమూ మెరుగుపడింది. చేయదలిస్తే తక్కువలో చేసే దారి ఉందన్నమాట.

నేను అడిగేవి ఆకాశంలోవి కావు. ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర నింపే ఫారంలో రోగి ఏ పని చేసి బతుకుతున్నాడో ఒక గడి ఉండాలి, ఆ గడిని బట్టి డిశ్చార్జి కాగితం మీద ఏ బరువు ఎన్ని వారాల తర్వాత ఎత్తవచ్చో చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఆ వారాలకు కూలి డబ్బు, ఆసరా అన్నా ఇంకో పేరు పెట్టినా, ఖాతాలో పడాలి. పల్లెలకు బీపీ, షుగరు మాత్రలు తెచ్చే 104 బండిలో గుండె మాత్రలు కూడా నెలనెలా తప్పకుండా ఉండాలి, ఏడాది గడువుతో నిమిత్తం లేకుండా. వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూసే చిన్న యంత్రాలున్నాయి. అవి తీరప్రాంతపు ఆరోగ్య కేంద్రాల్లో, సాయంత్రం వేళల్లో, గంప దించి వచ్చాక అందుబాటులో ఉంటే ఆమెకు నెలకో రోజు కూలి మిగులుతుంది. వీటన్నిటికీ డబ్బు ఎక్కడిదని అడిగేవారికి, రెండోసారి గుండెపోటుతో అదే కార్డు మీద అదే ఆస్పత్రికి తిరిగి వచ్చే మనిషి ఖర్చు ఎంతవుతుందో ముందు లెక్క తీసి చూడమని చెబుతాను. ఆ బిల్లు కట్టేది కూడా ఆ ఖజానాయే.